పెరటి ముచ్చట్లు: నల్లబడిన చామంతి



గత సంచికలో గులాబీ కొమ్మల కత్తిరింపు గురించి ముచ్చటించుకున్నాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఒకటి కోరాపుట్ వైపు నుంచి ఒక సోదరి రాసినది. "డిసెంబరు నెలాఖరుకు మా పెరట్లో పూలమొక్కలు ఒక్కొక్కటే నల్లబడిపోతాయి. చచ్చిపోయాయని పీకేస్తాం. మళ్ళీ ఏడాది కొత్తవి కొంటాం. ఈ పీకడం, కొనడం ఆపే మార్గం ఏదైనా ఉంటే రాయండి" అని అడిగారు.

ఈ ప్రశ్న చూసి యానాం పాఠకులు నవ్వుకోవచ్చు. గోదావరి ఒడ్డున ఉండేవారికి చలికి మొక్క నల్లబడటమేమిటి? కానీ మనవాళ్ళు స్థిరపడిన ఊళ్ళన్నీ ఒక్క తీరువి కావు. ఒడిశాలో దారింగబాడి, మహారాష్ట్రలో మహాబలేశ్వరం, తమిళనాడులో నీలగిరి కొండలు, ఇలాంటి చోట్ల చలికాలంలో కొన్ని రాత్రులు గడ్డి మీద మంచు గడ్డకట్టి కూర్చుంటుంది. అక్కడ పెరడు పెంచేవారికి ఇది ఏటా వచ్చే బాధే.

ఆ సోదరికి నా జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, పీకకండి. చలికి నల్లబడిన ప్రతి మొక్కా చచ్చిపోయినట్టు కాదు. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒకసారి పీకేసి, ఆ తర్వాత మా అమ్మ ముందు తలవంచుకుని నిలబడి నేర్చుకున్నాను. ఆ ముచ్చట ముందు చెప్పి, తర్వాత చేయవలసిన పనుల్లోకి వస్తాను.

2011లో నాకు ఉదకమండలానికి బదిలీ అయింది. అందరూ ఊటీ అనే ఊరే. సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తు. కోయంబత్తూరులో పుట్టి పెరిగిన నాకు కొండ కొత్త కాదు గాని, కొండ మీద కాపురం కొత్త. బ్యాంకు వారిచ్చిన ఇంటి ముందు కొంచెం పచ్చిక, గోడ వెంబడి నీలం పూల హైడ్రాంజియా పొదలు, ఒక మూల డేలియాలు. అంతకుముందు ఉన్నవారెవరో ఓపికగా పెంచి వదిలి వెళ్ళారు.

2012 మార్చిలో మా నాన్నగారు పోయారు. జూన్‌లో అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. వెంట తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె, దేవుడి పటాలు, ఒక మట్టి కుండీ. ఆ కుండీలో పసుపుపచ్చ చామంతి. నాన్న పెంచిన మొక్క. ఏటా పిలకలు తీసి, మళ్ళీ నాటి, ఆ ఒక్క రకాన్నే ఎన్నో ఏళ్ళుగా కాపాడుకుంటూ వచ్చారు. పూసిన నెలల్లో పొద్దున్నే నాలుగు పూలు కోసి అమ్మ చేతికి ఇవ్వడం ఆయన అలవాటు. ఆయన పోయాక అమ్మ పూలు పెట్టుకోవడం మానేసింది. ఆ పూలు దేవుడికీ, మా అమ్మాయి జడకీ వెళ్ళేవి. మొక్కకు నీళ్ళు మాత్రం తనే పోసేది, ఇంకెవరినీ పోయనిచ్చేది కాదు.

ఆ డిసెంబరు చివరి వారంలో పిల్లలకు సెలవులు. కుటుంబ పింఛను కాగితాల పని కూడా ఉండటంతో అమ్మ, మా శ్రీమతి, పిల్లలు కోయంబత్తూరు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు అమ్మ నాకు ఒక్క పనే చెప్పింది. "పగలు ఎండలో ఉంచు. సాయంత్రం కాగానే కుండీ తెచ్చి వరండాలో పెట్టు. మరిచిపోకు నాయనా."

రెండు రోజులు మరిచిపోలేదు. మూడో రోజు మరిచిపోయాను. డిసెంబరు అంటే మాకు త్రైమాసికం ముగింపు. రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరి, అన్నం వేడి చేసుకుని తిని పడుకున్నాను. పొద్దున లేచి కిటికీ తీస్తే పచ్చిక అంతా తెల్లగా, ఎవరో ఉప్పు చల్లినట్టు మెరుస్తోంది. కాఫీ చేతిలో పట్టుకుని ఆ అందం చూస్తూ నిలబడ్డాను. ఆ తెలుపు మధ్యలో చామంతి కుండీ ఉందన్న సంగతి రెండు గుటకలు తాగాక గాని నా కళ్ళకు ఆనలేదు.

అప్పటికి ఆకులు పచ్చగానే ఉన్నాయి, గాజుముక్కల్లా బిరుసుగా. ఫరవాలేదనుకుని కుండీని ఎండలోకి జరిపి ఆఫీసుకు వెళ్ళాను. అది రెండో తప్పు అని తర్వాత తెలిసింది. సాయంత్రం వచ్చి చూస్తే మొక్క మొత్తం ఉడికించిన తోటకూరలా వేలాడుతోంది. మరుసటి రోజుకు నల్లబడింది.

నేను చేసిన మూడో తప్పు చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మార్కెట్ దగ్గర నర్సరీకి వెళ్ళి, చూడటానికి అలాగే ఉండే పసుపుపచ్చ చామంతి ఒకటి కొన్నాను. నాన్న మొక్కను వేళ్ళతో సహా పెకలించి పెరట్లో చెత్త ఎరువు గుంటలో పడేసి, అదే కుండీలో కొత్తది నాటాను. మా భాషలో చెప్పాలంటే, రాని బాకీని రద్దు చేసి, లెక్క సరిపోయేలా కొత్త ఖాతా తెరిచాను.

అమ్మ తిరిగి వచ్చిన రోజు కుండీ దగ్గరికి వెళ్ళింది. ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసింది. "పువ్వు బాగుంది" అని లోపలికి వచ్చేసింది. గండం గడిచిందనుకున్నాను.

మరునాడు తెల్లవారుజామున నిద్ర లేచేసరికి అమ్మ మంచం ఖాళీగా ఉంది. పెరటి తలుపు తీసి ఉంది. శాలువా కప్పుకుని, డెబ్బై దాటిన మనిషి, ఆ చలిలో ఎరువు గుంట అంచున గొంతుకు కూర్చుని చేత్తో చెత్త తోడుతోంది. నేను వెళ్ళేసరికి నల్లటి మొదలు ఒకటి ఆమె చేతిలో ఉంది. దానికి మట్టి ఇంకా అంటుకునే ఉంది.

"ఇది మీ నాన్న మొక్క. అది అంగడి మొక్క. ఆకు వాసన వేరు" అంది అమ్మ.

"చచ్చిపోయిందనుకున్నానమ్మా" అన్నాను.

"నన్ను అడగకూడదా?" అంది. అంతే. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పక్క బంగళాలో పనిచేసే తోటమాలి ఒక పెద్దాయన, తమిళుడు, అమ్మకు బాగా పరిచయం. ఆ పొద్దున ఆయన వచ్చి, మొదలును బొటనవేలి గోటితో కొంచెం గీరి చూశారు. పైన నలుపు, లోపల లేత పచ్చన. "వేర్ ఇరుక్కు సార్" అన్నారు నా వైపు తిరిగి. వేరు ఉంది అని. తమిళంలో వేర్, కన్నడంలో బేరు, తెలుగులో వేరు. మాట ఒక్కటే కాబట్టి అనువాదం అవసరం లేకపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ రాత్రి ఏం జరిగింది?

మన తెలుగులో పొగమంచుకైనా, ఆకు మీది మంచుబిందువుకైనా, హిమాలయాల మీద కురిసే దానికైనా మంచు అనే అంటాం. నీలగిరిలో తమిళులు గడ్డకట్టిన మంచును ఉరైపని అని విడిగా పిలుస్తారు. మనం దాన్ని గడ్డమంచు అనుకుందాం. అక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దీని భయం ఉంటుంది. మబ్బు పట్టిన రాత్రి ఇది రాదు. మబ్బు దుప్పటిలా పనిచేసి నేల వేడిని పట్టి ఉంచుతుంది. గాలి వీచే రాత్రి కూడా పెద్దగా రాదు. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలకుండా ఉంటే నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్ళు పారినట్టు పల్లానికి పారుతుంది. అందుకే కొండవాలులో ఉన్న ఇంటి మొక్కలు బతికిపోయి, లోయలో ఉన్న ఇంటి మొక్కలు దెబ్బతింటాయి. ఒకే పెరట్లో కూడా పల్లపు మూల ఎక్కువ దెబ్బతింటుంది. గోడకు తగిలించిన ఉష్ణమాపకం మూడు నాలుగు డిగ్రీలు చూపిస్తుంటే గడ్డి దగ్గర సున్నా ఉండవచ్చు. కాబట్టి పేపర్లో వచ్చిన అంకెను నమ్ముకుని నిశ్చింతగా పడుకోవద్దు. సాయంత్రం బయటికి వచ్చి ఆకాశం చూడండి. చుక్కలు బాగా మెరుస్తూ, ఆకు కదలకుండా ఉంటే ఆ రాత్రి జాగ్రత్త పడాలి.

ఆకులో ఉన్న నీరు గడ్డకట్టేటప్పుడు కణాల మధ్య మంచు పలుకులు ఏర్పడి కణాల్లోని నీటిని లాగేస్తాయి. లేత ఆకు దీనికి తట్టుకోలేదు. పైగా పొద్దున్నే గట్టి ఎండ తగిలి ఆ మంచు ఒక్కసారిగా కరిగితే నష్టం ఇంకా పెరుగుతుంది. నేను కుండీని ఎండలోకి జరపడం అందుకే తప్పు. నీడలో ఉంచి మెల్లగా తేరుకోనివ్వాలి. ఊటీలో 1848లో పునాది పడిన ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానవనం ఉంది కదా, అక్కడ చలికాలంలో పొద్దున్నే పచ్చిక మీద నీళ్ళు చిలకరిస్తారు. ఎండ తగిలేలోపు ఆ మంచును కడిగెయ్యడానికే. లేత మొక్కలకు రాత్రిళ్ళు ఎండు కొమ్మలతో పైన కప్పు వేస్తారు.

అయితే ఆకు పోయినంత మాత్రాన మొక్క పోదు. పూలమొక్కల్లో రెండు జాతులున్నాయి. బంతిలాంటివి ఒక్క కాపుతో సరి. విత్తనం ఇచ్చి వెళ్ళిపోతాయి. చామంతి, డేలియా, హైడ్రాంజియా లాంటివి ఏళ్ళ తరబడి బతికేవి. వీటి ప్రాణం ఆకులో ఉండదు. కాలం బాగా లేనప్పుడు పైభాగాన్ని వదులుకుని, కూడబెట్టినదాన్ని వేరులోనో దుంపలోనో ముదురు కొమ్మలోనో దాచుకుంటాయి. బ్యాంకులో రెండేళ్ళకు పైగా ఖాతాదారు లావాదేవీ ఏదీ జరపకపోతే ఆ పొదుపు ఖాతాను పనిచేయని ఖాతాల జాబితాలో వేస్తాం. అంతమాత్రాన డబ్బు పోదు. దాని మీద వడ్డీ జమ అవుతూనే ఉంటుంది. యజమాని వచ్చి అడిగితే లేచి కూర్చుంటుంది. రోజూ ఆ పని చేస్తూ కూడా చామంతి విషయంలో నాకు ఈ సంగతి తట్టలేదు.

కాబట్టి ఆ సోదరి, ఆమెలాంటి చలి ప్రాంతాల పాఠకులు చేయవలసిన పనులు ఇవి.

మొదటిది, అక్టోబరు నుంచి యూరియా ఆపెయ్యండి. యూరియా వేస్తే లేత చిగుళ్ళు వస్తాయి. గడ్డమంచుకు ముందుగా బలయ్యేవి అవే. నెమ్మదిగా ముదిరి, క్రమంగా చలికి అలవాటుపడిన మొక్క బాగా తట్టుకుంటుంది. మాగిన పశువుల ఎరువు, ఎండుటాకులు మొదట్లో మూడు నాలుగు అంగుళాల మందాన పరిస్తే చాలు. కాండానికి ఆనించవద్దు, కుళ్ళు పడుతుంది.

రెండోది, నీళ్ళు. మరీ ఎండిన మట్టి కంటే కొంచెం తడి ఉన్న మట్టి పగటి వేడిని ఎక్కువగా దాచుకుంటుంది. అందుకని మట్టిని పొడిబారనివ్వవద్దు. కానీ ఉదయం ఎండ వచ్చాక పోయండి, సాయంత్రం ఆకుల మీద పోయవద్దు.

మూడోది, కప్పు. పొద్దు వాలగానే, నేలలో వేడి ఉండగానే కప్పాలి. పడుకోబోయే ముందు కప్పితే చల్లదనాన్ని లోపల పెట్టి మూత వేసినట్టే. పాత దుప్పటి, గోనె సంచి, ఎండు కొమ్మలు ఏదైనా సరే. నాలుగు కర్రలు పాతి వాటి మీద వేస్తే ఆకును తాకకుండా ఉంటుంది. ప్లాస్టిక్ కాగితం ఆకుకు అంటుకుంటే అంటుకున్నచోటే మాడుతుంది. ఉదయం మంచు విడిచాక తప్పకుండా తీసెయ్యండి.

నాలుగోది, కుండీలు. నేలలో ఉన్న వేరుకు చుట్టూ భూమి కాపలా ఉంటుంది. కుండీలో వేరుకు ఒక్క అంగుళం మట్టి గోడే దిక్కు. అందువల్ల కుండీలను చూరు కిందికో, పగలంతా ఎండ తగిలిన గోడ పక్కకో చేర్చండి. అన్నీ దగ్గరదగ్గరగా పెడితే ఒకదానికొకటి ఆసరా.

అయిదోది, అన్నిటికన్నా కష్టమైనది, ఓపిక. నల్లబడిన కొమ్మలను వెంటనే కోసెయ్యకండి. చూడటానికి బాగుండదు గాని, ఆ ఎండు కొమ్మలే కింద ఉన్న మొదలుకు గొడుగు. కోస్తే కొత్త చిగురు తొందరపడి వచ్చి, మరో మంచుకు మళ్ళీ మాడుతుంది. ఫిబ్రవరి చివర చలి తగ్గాక నేలకు నాలుగు అంగుళాల ఎత్తున కత్తిరించండి. బతికిందో లేదో అనుమానమైతే ఆ పెద్దాయన చేసినట్టు గోటితో గీరి చూడండి. పైకొమ్మ గోధుమరంగులో ఉంటే కిందికి రండి. మొదట్లో పచ్చదనం కనిపిస్తే ఆగండి.

మా చామంతిని అమ్మ ఒక పాత డబ్బాలో నాటి వంటింటి గోడ పక్కన పెట్టింది. జనవరి అంతా ఏమీ కనిపించలేదు. ఫిబ్రవరి మధ్యలో మూడు పిలకలు లేచాయి. నా సంతోషానికి హద్దు లేదు. చేసిన పాపం కడుక్కోవాలన్న తొందరలో అమ్మ చూడకుండా రోజూ రెండు పూటలా నీళ్ళు పోశాను. రెండు పిలకలు మొదలు కుళ్ళి పడిపోయాయి. నిద్రలో ఉన్న వేరు నీళ్ళు తాగదు. తాగని నీరు దాని చుట్టూ నిలిచి ఊపిరాడనివ్వదు. చలికి చచ్చే మొక్కలకంటే చలికాలపు తడికి చచ్చేవి ఎక్కువ అని పెద్దాయన అన్నారు. అమ్మ ఆ రెండు పిలకలను తీసి పారేస్తూ, "చలికాలంలో దానికి నువ్వు చేయగల సాయం, దాని జోలికి పోకుండా ఉండటమే" అంది.

మిగిలిన ఒక్క పిలకే ఆ ఏడాది నవంబరులో పూసింది.

ఇక డేలియా, హైడ్రాంజియాల సంగతి కొంచెం చెప్పాలి. డేలియా మెక్సికో దేశపు మొక్క. దాని పైభాగం మొదటి గడ్డమంచుకే ఒక్క రాత్రిలో నల్లబడుతుంది. కింద దుంపలు భద్రంగా ఉంటాయి. నీళ్ళు నిలవని నేలైతే ఆకుల పొర పరిచి అక్కడే వదిలెయ్యవచ్చు. తడి నేలైతే కాండాన్ని అరడుగు ఉంచి కోసి, గడ్డపారతో దూరంగా తవ్వి దుంపలు తియ్యండి. వారం రోజులు నీడలో ఆరనిచ్చి, పొడి ఇసుకలోనో కొబ్బరి పొట్టులోనో పెట్టండి. గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో పెట్టవద్దు. నెలకొకసారి చూసి, కుళ్ళిన ముక్క ఉంటే కోసెయ్యండి. విడదీసేటప్పుడు ఒక ముఖ్య విషయం. బంగాళాదుంపకు ఒంటి మీదంతా కళ్ళుంటాయి. డేలియా దుంపకు అలా కాదు. దాని కన్ను కాండం మొదట్లో, మెడ దగ్గర ఉంటుంది. మెడ లేని దుంప ఎంత లావుగా ఉన్నా మొలకెత్తదు. ప్రతి ముక్కకూ పాత కాండం మొదలు కొంచెం అంటి ఉండేలా కొయ్యాలి.

హైడ్రాంజియా విషయంలో చేతులు కట్టుకుని కూర్చోవడమే మంచిది. మనం సాధారణంగా పెంచే గుండ్రటి గుత్తుల రకం మరుసటి ఏడాది పూమొగ్గలను ముందుగానే పాత కొమ్మల కొసల్లో దాచుకుంటుంది. నేను వెళ్ళిన మొదటి చలికాలం, 2011 డిసెంబరులో, ఆ మోడు కొమ్మలు చూడలేక ఒక ఆదివారం చక్కగా సమంగా కత్తిరించాను. 2012 మే నెలలో ఊరంతా పూల ప్రదర్శన హడావిడి, మా ఇంటి గోడ వెంబడి మాత్రం ఆకులే. మొగ్గలన్నీ నా చేత్తోనే కోసి పారేశానన్నమాట. ఈ పూలు నీలగిరిలో నీలంగా ఉండటానికి అక్కడి పులుపు నేల కారణం. అటువంటి నేలలో అల్యూమినియం మొక్కకు అందుతుంది, పువ్వు నీలమవుతుంది. సున్నపు నేలలో అదే మొక్క గులాబీ రంగు పూస్తుంది. కాబట్టి ఊటీ నుంచి తెచ్చుకున్న నీలం హైడ్రాంజియా మీ ఊళ్ళో గులాబీ రంగు పూస్తే నర్సరీవాడిని తిట్టకండి.

మైదాన ప్రాంతాల పాఠకులకు ఇదంతా ఎందుకు అనుకోవద్దు. బళ్ళారి, షోలాపూర్, సేలం, యానాం వారికి చామంతి గండం చలికాలంలో కాదు, ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఉంటుంది. సూత్రం మాత్రం అదే. సంక్రాంతి దాటి పూలు అయిపోయాక చామంతిని చాలామంది పారేస్తారు. పారెయ్యకండి. నాలుగు అంగుళాలు ఉంచి కోసి, పొద్దుటి ఎండ, మధ్యాహ్నపు నీడ ఉండేచోట పెట్టండి. మట్టి ఆరినప్పుడు కొద్దిగా నీళ్ళు. చుట్టూ పిలకలు వస్తాయి. పాత కాండానికి అంటుకుని వచ్చినవాటికంటే రెండు మూడు అంగుళాల దూరంలో లేచినవి బలంగా ఉంటాయి. వాటిని వేళ్ళతో సహా విడదీసి చిన్న కుండీల్లో వేసుకోండి. వానలో నానకుండా చూసి జూన్, జులై నెలల్లో పెద్ద కుండీలోకి మార్చి, చివరలు తుంచితే గుబురుగా పెరుగుతుంది. చామంతి రాత్రి పొడవు పెరిగాకే మొగ్గ వేస్తుంది. వీధి దీపం వెలుతురు రాత్రంతా పడే చోట పెడితే ఆకులే గాని పూలు రావు. ఈ ఒక్క విషయం తెలియక చాలామంది మొక్కను నిందిస్తారు.

2014లో నాకు మళ్ళీ బదిలీ అయింది. తడి గోనెలో చుట్టిన ఆరు పిలకలను అమ్మ కారులో ఒళ్ళో పెట్టుకుని కొండ దిగింది. అందులో మూడు నాన్న మొక్కవి, మూడు నేను కొన్న అంగడి మొక్కవి. "అది కూడా ఎందుకమ్మా?" అని అడిగాను. "దాని తప్పేముంది? తెచ్చింది నువ్వు" అంది.

అమ్మ 2019లో పోయింది. హోసూరులో మా ఇంటి మేడ మీద ఇప్పుడు రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. పువ్వు చూస్తే ఏది ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆకు నలిపి వాసన చూడాలి. మా అమ్మాయి చూడకుండానే చెప్పేస్తుంది. ఆ విద్య నాయనమ్మ దగ్గర నేర్చుకుంది.

మనలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి మొక్క ఒకటి ఉంటుంది. ఎవరో పెద్దవాళ్ళు ఏదో ఊరి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చినది. ఈ చలికాలంలో అది వాడిపోయి కనిపిస్తే తొందరపడి నిర్ణయం తీసుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ముందు వాళ్ళను అడగండి. లేకపోతే గోటితో గీరి చూడండి.

వచ్చే ఉగాది వేడుకకు పన్నెండు చిన్న కుండీల్లో నాన్న చామంతి పిలకలు వేరూని సిద్ధంగా ఉంటాయి. కావలసినవారు తీసుకోవచ్చు. ధర ఏమీ లేదు, ఖాళీ కుండీ మాత్రం తిరిగి ఇవ్వాలి. బ్యాంకు ఉద్యోగిని కదా, అప్పు మరిచిపోను.

వచ్చే సంచికలో ఎండాకాలంలో మేడ మీది మొక్కలకు నీళ్ళు పొదుపుగా పెట్టే పద్ధతుల గురించి ముచ్చటించుకుందాం. అంతవరకు సెలవు.